కూర్చుంటే తెలిసే ఫిట్టింగ్

సూటు ఎలా అమరాలో చెప్పేవాళ్ళందరూ నిలబడ్డ మనిషిని చూపించే చెప్తారు. బొమ్మలో ఆ మనిషి ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, పొట్ట లోపలికి లాక్కుని, గడ్డం కాస్త పైకెత్తి ఉంటాడు. ఇంటర్వ్యూలో మనం నిలబడేది ఎంతసేపు? తలుపు తీసుకుని లోపలికి వెళ్ళి పలకరింపులు అయ్యేదాకా. ఆ తర్వాత ముప్పావుగంటో గంటో కుర్చీలోనే. బల్లకి అవతల కూర్చున్నవాళ్ళకి కనిపించేది మన మెడ, భుజాలు, ఛాతీ, మణికట్లు. ప్యాంటు మడమ దగ్గర ఎంత అందంగా వాలిందో వాళ్ళెవరూ చూడరు. అందుకే ఈసారి సూటు విషయంలో నేను ఒక్కదాని మీదే పట్టుబట్టాను. అద్దం ముందు నిలబడితే బాగుండటం కాదు, కుర్చీలో కూర్చున్నాక బాగుండాలి.

నేను ఫ్యాక్టరీలో నాణ్యత తనిఖీ చేసే మనిషిని. యూనిఫాం షర్టు, బరువైన సేఫ్టీ బూట్లు, జేబులో సన్నని కొలతలు తీసే వెర్నియర్. సూటుతో నాకున్న పరిచయం పెళ్ళి ఫోటోల వరకే. ఇప్పుడు వేరే కంపెనీలో మొత్తం క్వాలిటీ విభాగానికి హెడ్ పోస్టు, ఐదుగురు కూర్చునే ప్యానెల్, ఫార్మల్స్‌లో రమ్మని మెయిల్‌లోనే రాశారు. అర మిల్లీమీటరు తేడా వస్తే సరుకు వెనక్కి పంపే మనిషి, చేతులు అంగుళం ఎక్కువ పొడుగున్న కోటు వేసుకుని వెళ్ళి నాణ్యత గురించి ఉపన్యాసం ఇస్తే ఎలా ఉంటుంది? ఎవరూ పైకి అనకపోవచ్చు. నాకే లోపల గుచ్చుకుంటుంది.

చేతిలో మూడు వారాలున్నాయి. గుడ్డ కొని కొత్తగా కుట్టించుకోవడానికి అది సరిపోదనిపించింది. సరిగ్గా కుట్టాలంటే ముందు వదులు కుట్లతో ఒకసారి ట్రయల్, సవరించి మళ్ళీ ఇంకోసారి చూడాలి. మధ్యలో ఎక్కడ తేడా వచ్చినా తేదీ దగ్గరపడుతుంది. రెడీమేడ్ కొని, మంచి టైలరు మాస్టారు చేత సరిచేయించుకోవడమే తెలివైన పని. కుట్టించుకున్న సూటే గొప్పదనే వాళ్ళతో నాకు పేచీ లేదు గానీ, హడావిడిగా కుట్టిన దానికంటే నిదానంగా సరిచేసిన రెడీమేడ్ నయం.

రెడీమేడ్ కోటు మీద 40ఆర్ అని ఉంటే, 40 అనేది అంగుళాల్లో ఛాతీ కొలత, ఆర్ అంటే రెగ్యులర్ పొడవు. పొట్టివాళ్ళకి ఎస్, పొడుగువాళ్ళకి ఎల్. అదే కోటు మీద యూరప్ లెక్కలో 50 అని ఉంటుంది. అది సెంటీమీటర్లలో ఛాతీ కొలతకి సగం. సూటుగా కలిపి అమ్మేటప్పుడు ఛాతీకి, నడుముకి మధ్య మామూలుగా 6 అంగుళాల తేడా ఉంటుందని లెక్కేస్తారు. అంటే 40 కోటుతో 34 ప్యాంటు వస్తుంది. నా ఛాతీ 40, నడుము 37. ఆ లెక్క ఏ వయసువాడిని చూసి వేశారో గానీ, నన్ను చూసి మాత్రం కాదు. అలాంటప్పుడు కోటు, ప్యాంటు విడివిడిగా ఎంచుకునే రకం తీసుకోవాలి. గుడ్డ ఒకటే ఉంటుంది, సైజులు మనిష్టం. పొట్టకి పట్టాలని 44 కోటు కొనడం చాలామంది చేసే పని. పొట్ట దగ్గర సరిపోతుంది, భుజాలు రెండు వైపులా ఎగిరిపోతాయి.

భుజాలే అసలు సంగతి. నడుము దగ్గర బిగించవచ్చు, వదలవచ్చు. చేతులు కురచ చేయవచ్చు. భుజం వెడల్పు తగ్గించాలంటే మాత్రం చేతులు విప్పి, లోపలి ప్యాడ్ తీసి, పైభాగం మొత్తం మళ్ళీ కట్టాలి. చాలామంది మాస్టార్లు ఒప్పుకోరు, ఒప్పుకున్నవాళ్ళు చేశాక కూడా పాత రూపు రాదు. వెడల్పు పెంచడమైతే దాదాపు అసాధ్యం, లోపల అంత గుడ్డ ఉండదు. అందుకని కొట్లో కోటు వేసుకోగానే ముందు చూడాల్సింది భుజం కుట్టు. అది భుజం ఎముక అయిపోయే చోటే అయిపోవాలి. దానికంటే బయటికి వెళ్తే ప్యాడ్ గాల్లో వేలాడుతూ, దాని కింద చేతి మీద చిన్న గుంట పడుతుంది. లోపలికి ఉంటే చేతి కండ కుట్టుని నెట్టి ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. ఒక తేలిక పరీక్ష ఉంది. గోడ పక్కన పక్కకి తిరిగి నిలబడి మెల్లగా గోడకి ఆనాలి. మన చెయ్యి కంటే ముందు కోటు ప్యాడ్ గోడకి తగిలితే అది మన సైజు కాదు. కొట్టు కుర్రాడు నన్ను వింతగా చూశాడు. చూడనీ. ఫ్యాక్టరీలో ఇంతకంటే వింత పరీక్షలు చేస్తాం.

భుజాలు కుదిరిన కోటు ఒకటి దొరికింది. ముదురు నీలం, గీతలు లేనిది, ముందు రెండు బొత్తాలు. నలుపు ఎందుకు వద్దన్నానంటే, దాని మీద ప్రతి నూలుపోగూ, తల వెంట్రుకా కనిపిస్తాయి. గుడ్డ గురించి కొట్లో సూపర్ 150 అని ఒకటి చూపించారు, అబ్బో అన్నట్టు మొహం పెట్టి. ఆ సంఖ్య ఊలు పోగు ఎంత సన్ననిదో చెప్తుంది, గుడ్డ ఎంత గట్టిదో కాదు. అంతర్జాతీయ నియమం ప్రకారం సూపర్ 100 అనాలంటే పోగు సగటు మందం 18.75 మైక్రాన్లకి మించకూడదు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). సూపర్ 120కి 17.75, సూపర్ 150కి 16.25. సంఖ్య పెరిగేకొద్దీ గుడ్డ మెత్తగా, నాజూగ్గా ఉంటుంది, ముడతలు తొందరగా పడతాయి, తొందరగా అరుగుతుంది. గంటసేపు కుర్చీలో కూర్చోబోయేవాడికి ముడత పడినా మళ్ళీ తేరుకునే గుడ్డ కావాలి. సూపర్ 100 తీసుకున్నాను. మైక్రాన్ల మాట వినగానే నేను కాస్త ఎక్కువ మాట్లాడానని తర్వాత మా ఆవిడ చెప్పింది.

ఇక మాస్టారు. పెద్దాయన, కళ్ళజోడు ముక్కు చివర, మెడలో టేపు. నేను వెళ్ళేటప్పుడే ఇంటర్వ్యూకి వేసుకోబోయే షర్టు, బెల్టు, బూట్లు వేసుకుని వెళ్ళాను. బూటు మడమ ఎత్తు అర అంగుళం మారినా ప్యాంటు పొడవు మారిపోతుంది. షర్టు చేతులు ఎక్కడిదాకా వస్తాయో తెలియకపోతే కోటు చేతుల పొడవు ఊరికే ఊహించాల్సిందే. చెప్పులతో, టీషర్టు మీద కోటు తగిలించుకుని కొలతలిచ్చేవాళ్ళని చూసి మాస్టారు ఏమనుకుంటారో గానీ, నా బూట్లు చూసి మాత్రం తలాడించారు.

టేపు తీస్తారనుకున్నాను. తీయలేదు. "అద్దం చూడకండి సార్, ఇటు తిరగండి" అన్నారు. తిరిగాను. "అలా కాదు, రోజూ ఎలా నిలబడతారో అలా నిలబడండి." నేను మామూలుగానే నిలబడ్డానన్నాను. ఆయన నవ్వి, నా ఫోను అడిగి తీసుకుని, పక్క నుంచి ఒక ఫోటో తీసి చూపించారు. ఛాతీ విరుచుకుని, పొట్ట బిగబట్టి, కవాతులో నిలబడ్డ మనిషి కనిపించాడు. "ఈయనకి కుడితే ఇంటర్వ్యూకి మీరు కాదు, ఈయన వెళ్ళాలి" అన్నారు. ఊపిరి వదిలాక భుజాలు ముందుకి జారాయి, మెడ ముందుకి వచ్చింది, కుడి భుజం కిందికి దిగింది. అప్పుడు మళ్ళీ ఫోటో తీశారు. రెండు ఫోటోల్లోనూ ఒకే కోటు. రెండోదాంట్లో మెడ వెనక కోటు కాలరుకి, షర్టు కాలరుకి మధ్య వేలు పట్టేంత సందు.

ఈ కాలరు సందు గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే చాలామంది కోట్లలో ఉండే లోపం ఇదే, వేసుకున్నవాడికి కనిపించని లోపమూ ఇదే. అద్దంలో ముందు నుంచి చూస్తే కనిపించదు, పక్కనుంచి చూస్తే కనిపిస్తుంది. ఇంటర్వ్యూ ప్యానెల్లో చివర కుర్చీలో కూర్చున్నాయనకి మనం కనిపించేది పక్కనుంచే. కోటు కాలరు మెడ వెనక షర్టు కాలరుని అంటుకుని ఉండాలి, దానిపైన షర్టు కాలరు అర అంగుళం దాకా కనబడాలి. రోజంతా కంప్యూటర్ మీదో, మైక్రోస్కోప్ మీదో వంగేవాళ్ళకి వీపు పైభాగం గుండ్రంగా అవుతుంది. ఆ గుండ్రం మీదుగా వెళ్ళాలంటే కోటు వెనక భాగానికి పొడవు ఎక్కువ కావాలి. రెడీమేడ్ కోటు నిటారుగా ఉండే వీపుకి కుట్టింది. చాలని పొడవు ఎక్కడి నుంచి వస్తుంది? కాలరు మెడని వదిలేస్తుంది, వెనక అంచు కింద నుంచి పైకి లేస్తుంది. వీపు మరీ నిటారుగా ఉన్నవాళ్ళకి దీనికి తిరగబడిన కష్టం. వెనక పొడవు మిగిలిపోయి, కాలరు కింద అడ్డంగా ఒక మడత పడుతుంది. ఆ మడతని సరిచేయడం కొంచెం తేలిక. కాలరు విప్పి, మిగిలిన గుడ్డ పైకి లాగి, మళ్ళీ కుడతారు.

నాలాంటి సందుకి కూడా కాలరు విప్పాల్సిందే. మాస్టారు వెనక నడిమి కుట్టు పైభాగంలో కాస్త లోపలికి పట్టి, కాలరుని ఆ మేరకు కురచ చేసి, మెడకి దగ్గరగా కూర్చోబెడతానన్నారు. "పూర్తిగా పోతుందా మాస్టారూ?" అని అడిగాను. "నిలబడితే పోతుంది. చెయ్యి ముందుకి చాపితే కాస్త లేస్తుంది. అది ఏ కోటుకైనా తప్పదు. కూర్చుని చేతులు బల్ల మీద పెట్టినప్పుడు ఎంత లేస్తుందో చూసి అప్పుడు చెప్తాను" అన్నారు. ఆ మాటతో ఆయన నాకు నచ్చేశారు. కూర్చోవడం గురించి నేను అడగకముందే ఆయన చెప్పారు.

కిందికి దిగిన కుడి భుజానికి మందు చాలా చిన్నది. ఆ వైపు కోటు లోపల పల్చటి ప్యాడ్ ఒకటి అదనంగా పెడతారు. అంతే. లేకపోతే కుడి చంక వెనక నుంచి నడుము వైపుకి ఏటవాలుగా ముడతలు పడుతున్నాయి. ఒక భుజం కిందికి ఉండటం చాలామందిలో ఉంటుందని, బరువు బ్యాగులు ఒకే వైపు మోసేవాళ్ళలో మరీ ఎక్కువగా చూస్తానని మాస్టారు చెప్పారు. నా కోటు చేతుల వెనక కూడా ముడతలున్నాయి. భుజాలు ముందుకి ఉన్నవాళ్ళకి చేతులు కూడా ముందుకే వేలాడతాయి, కోటు చేతులు కుట్టిన కోణం వేరేగా ఉంటుంది. దాన్ని సరిచేయాలంటే చేతులు రెండూ విప్పి, కాస్త ముందుకి తిప్పి కుట్టాలి. "అది వద్దు సార్. పని పెద్దది, కూర్చుంటే ఆ ముడత మోచేతి వంపులో కలిసిపోతుంది" అన్నారు. చేయగలిగిన పని వద్దని చెప్పే మాస్టారు దొరికితే వదలకండి.

నడుము దగ్గర నేను ఆయనతో కొంచెం వాదించాను. పై బొత్తాం పెట్టుకుంటే దాని చుట్టూ నాలుగు వైపులా ఇంటూ గుర్తులా గీతలు లాగుతుంటే కోటు బిగుతు అని అర్థం. నాకు అలా లేదు, కాస్త వదులుగానే ఉంది. ఇంకా పట్టమన్నాను. కోటులో నడుము తీరుగా కనపడాలనేది ఒక ఫ్యాషన్, ఆ బొమ్మలు నేనూ చూశాను. ఆయన బొత్తాం పెట్టించి, అరచెయ్యి పొట్టకీ కోటుకీ మధ్య దూర్చమన్నారు. దూరింది. పిడికిలి బిగించమన్నారు. కోటు లాగింది. "ఇదే కొలత. ఇక పట్టను. భోజనం చేసి వెళ్తారు కదా." రెండు వైపులా కుట్ల దగ్గర ఓ పావు అంగుళం చొప్పున మాత్రం పట్టారు, నా మాట కోసం. బిగుతు సూటు ఇంటర్వ్యూకి పనికిరాదు, నా అభిప్రాయం కూడా ఇప్పుడు అదే. చంక కింద కోత పైకి ఉన్న కోటు అయితే శరీరానికి దగ్గరగా ఉన్నా చెయ్యి ఎత్తితే కోటంతా లేవదు. చంక కిందికి జారిన కోటుని నడుము దగ్గర ఎంత బిగించినా, చెయ్యి కదిపితే చాలు, మొత్తం పైకి వస్తుంది. ఈ చంక కోత కూడా భుజంలాగే కొనేటప్పుడే చూసుకోవాలి. కిందికి ఉన్నదాన్ని ఎవరూ పైకి తేలేరు.

చేతుల పొడవు సంగతి. నిలబడి చేతులు వదిలేస్తే కోటు అంచు మణికట్టు ఎముక దగ్గర ఆగాలి, దాని కింద షర్టు పావు నుంచి అర అంగుళం కనబడాలి. నా ఎడమ చెయ్యి కుడిదానికంటే కొద్దిగా పొడవు. మాస్టారు రెండు చేతులకీ విడివిడిగా సుద్దతో గీశారు. ఒకటి కొలిచి రెండోది అలాగే మడిచేసేవాళ్ళు ఉంటారు, జాగ్రత్త. కొనేముందు ఇంకొకటి చూడాలి. చేతి అంచున ఉన్న బొత్తాలు ఉత్తుత్తివా, నిజంగా కాజాలు కోసి పెట్టినవా? ఉత్తుత్తివైతే కింద నుంచి మడిచి, బొత్తాలు పైకి జరిపి కుడతారు. నిజమైన కాజాలైతే ఆ కన్నాలు అక్కడే ఉండిపోతాయి, అందుకని పై నుంచి, భుజం దగ్గర విప్పి కురచ చేయాలి. ఖరీదైన రకమని మురిసిపోయి ఆ కాజాల కోటు కొంటే, ఆల్టరేషన్ పని చాలా పెరుగుతుంది.

ప్యాంటు గురించి నిలబడి చూసుకునే విషయాలు అందరికీ తెలిసినవే. ముందు బూటు మీద ఒక చిన్న వంపు, వెనక మడమ దగ్గర అర అంగుళం కిందికి, ఏటవాలుగా మడత. నేను అడిగింది కూర్చున్నప్పటి సంగతి. కూర్చోగానే మోకాలు గుడ్డని లాక్కుంటుంది, కింద అంచు పైకి పోతుంది. మేజోళ్ళు మడమ దాకే ఉంటే కాలు కనబడుతుంది. పిక్క సగం దాకా వచ్చే మేజోళ్ళు కొన్నాను, ప్యాంటుని పొడుగు చేయలేదు. తొడల దగ్గర నాకు ఎప్పుడూ ఇబ్బందే. నిలబడితే బానే ఉన్న ప్యాంటు కూర్చుంటే తొడ మీద అడ్డగీతలతో బిగుసుకుంటుంది, పక్క జేబులు చెవుల్లా తెరుచుకుంటాయి. వెనక నడిమి కుట్టు లోపల చాలా ప్యాంట్లలో అంగుళం నుంచి అంగుళంన్నర గుడ్డ వదిలి ఉంచుతారు. నడుము, సీటు వదులు చేయడానికి అది చాలు. తొడ దగ్గర అంత ఉండదు. కొనేముందే ప్యాంటు తిరగేసి లోపల గుడ్డ ఎంత వదిలారో చూడటం నాకు అందుకే అలవాటైంది. పాత కుట్టు విప్పినచోట గీత మిగిలిపోతుందేమో కూడా అడగాలి. వాడిన ప్యాంటుకి మిగులుతుంది, కొత్తదానికి ఆవిరి పడితే పోతుంది.

మా చెల్లెలు కూడా ఈ మధ్యే ఇంటర్వ్యూకి బ్లేజర్ సరిచేయించుకుంది. తనకీ భుజాలే మొదటి లెక్క. తర్వాతది మాత్రం ఛాతీ. అక్కడ ఆకారం కోసం వేసిన కుట్లు సరైన చోట పడకపోతే, బొత్తాం దగ్గర తెరుచుకుంటుంది, నడుము ఎంత పట్టినా ఆగదు. ఛాతీకి సరిపోయేది కొని నడుము పట్టించుకోవడమే దారి అంటుంది. "జేబులు మాత్రం ఉత్తుత్తివే అన్నయ్యా, పెన్ను పెట్టుకోవడానికి కూడా లేదు" అని తన బాధ.

ట్రయల్‌కి మాస్టారు పిలిచినప్పుడు నేను కుర్చీ అడిగాను. ఆయన కుట్టు మిషను ముందున్న స్టూలు ఇచ్చారు. కూర్చుని, కోటు బొత్తాం విప్పి, చేతులు బల్ల మీద పెట్టాను. కూర్చునేటప్పుడు బొత్తాం విప్పడం మర్యాద తప్పడం కాదు, కోటుని అలాగే కోశారు. పెట్టుకునే కూర్చుంటే పొట్ట దగ్గర ఉబ్బి, కాలరు మెడ మీదికి ఎగబాకుతుంది. నిలబడేటప్పుడు పై బొత్తాం పెట్టుకోవాలి. కింది బొత్తాం ఎప్పుడూ పెట్టుకోకూడదు. పెడితే తుంటి దగ్గర కోటు పట్టేస్తుంది. కూర్చున్న నా చుట్టూ మాస్టారు ఒక ప్రదక్షిణ చేసి, కాలరు దగ్గర ఇంకాస్త పట్టాలన్నారు. ఎడమ చేతిని ఇంకాస్త కురచ చేద్దామా అని నేను అడిగితే, చేతులు బల్ల మీద ఉన్నప్పుడు కోటు చేతులు ఎలాగూ అరంగుళం వెనక్కి వెళ్తాయి, ఇంకా కోస్తే షర్టు కఫ్ మొత్తం బయటపడుతుందన్నారు. నిజమే. నిలబడి చూసినప్పుడు అరంగుళం కనబడే షర్టు, కూర్చున్నాక అంతకు రెట్టింపు కనబడింది.

ఇంటికి తెచ్చాక చేసిన పనులు చిన్నవి, అయినా రాస్తాను, ఎందుకంటే ఇవి చేయకుండా ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ళని నేనే చూశాను. వెనక చీలిక దగ్గర తెల్లదారంతో ఇంటూ ఆకారంలో కుట్టు వేసి ఉంటుంది, అది కొట్టు నుంచి ఇంటికి వచ్చేదాకా ఆకారం పోకుండా వేసింది. తీసేయాలి. చేతి అంచు మీద కంపెనీ పేరు కుట్టిన చీటీ, అదీ తీసేయాలి. బయటి జేబులు కుట్టేసి ఉంటాయి. వాటిని నేను అలాగే ఉంచాను. తెరిస్తే ఫోను పెడతాం, ఫోను బరువుకి కోటు ఒక వైపుకి వాలుతుంది. లోపలి జేబులో ఒక్క పెన్ను చాలు.

ఇస్త్రీ గురించి ఒక హెచ్చరిక. ఊలు మీద ఇస్త్రీపెట్టె నేరుగా పెడితే మెరుపు వస్తుంది, ఆ మెరుపు పోవడం కష్టం. తడిపి పిండిన పల్చటి నూలు గుడ్డ పైన పరిచి, దాని మీద ఆవిరి పట్టించాలి. కోటు ముందు భాగం లోపల బక్రమ్ లాంటి గట్టి గుడ్డ పొర ఉంటుంది, చాలా రెడీమేడ్‌లలో దాన్ని జిగురుతో అంటిస్తారు. వేడి ఎక్కువైతే ఆ జిగురు విడిపోయి గుడ్డ మీద బుడగలు లేస్తాయి. బుడగ లేచిన కోటుకి చికిత్స లేదు.

ఇంట్లో రిహార్సల్ కూడా సూటులోనే చేశాను. మా ఆవిడ ప్యానెల్. "మీ బలహీనత ఏమిటో చెప్పండి" అని మొదలుపెట్టింది, జవాబు నాకంటే ముందు తనే చెప్పేసింది. ఆ సంగతి వదిలేద్దాం. పనికొచ్చింది ఏంటంటే, పావుగంట తర్వాత ఆమె చెప్పిన మాట: "ఏమండీ, ఎడమ చెయ్యి మాటిమాటికీ టై దగ్గరికి పోతోంది." షర్టు కాలరు బిగుతు. కోటు మీద అంత శ్రద్ధ పెట్టి, కింద షర్టు పాతదే ఉంచాను. కాలరు బొత్తాం పెట్టాక మెడకీ కాలరుకీ మధ్య రెండు వేళ్ళు దూరాలి, నాకు ఒకటే దూరుతోంది. కొత్త షర్టు తెచ్చి మళ్ళీ కూర్చున్నాను. ఫైలు అందుకోవడం, గ్లాసు ఎత్తి నీళ్ళు తాగడం, బోర్డు మీద రాయడానికి చెయ్యి పైకెత్తడం, అన్నీ చేసి చూశాను. బోర్డు మీద రాసేటప్పుడు షర్టు ప్యాంటులోంచి పైకి వచ్చేసింది. దానికి కారణం కోటు కాదు, షర్టు పొడవు చాలకపోవడం. ఆ కొత్త షర్టు కూడా మార్చి, కింద పొడవు ఎక్కువున్నది తెచ్చుకున్నాను.

వీడియో ఇంటర్వ్యూ ఉన్నవాళ్ళకి ఒక మాట. కెమెరా ముందు కూర్చుంటే కోటు భుజాల దగ్గర లేచి, మెడ పొట్టిగా కనబడుతుంది. టీవీలో వార్తలు చదివేవాళ్ళ చిట్కా ఒకటుంది. కోటు వెనక అంచుని కిందికి లాగి దాని మీద కూర్చుంటారు. భుజాలు సాఫుగా దిగుతాయి. ప్యానెల్ ముందు మాత్రం ఇది చేయకండి, లేచి షేక్‌హ్యాండ్ ఇచ్చేటప్పుడు వెనకంతా నలిగి ఉంటుంది.

ఇంటర్వ్యూ రోజు కోటు వేసుకుని ప్రయాణం చేయలేదు. హ్యాంగర్‌కి తగిలించి తీసుకెళ్ళి, అక్కడికి చేరాక వేసుకున్నాను. గంటకి పైగా అడిగారు. ఒక లోపం మూలకారణం ఎలా వెతుకుతారో బోర్డు మీద రాసి చూపించమన్నారు. షర్టు నిలబడింది. చివర కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చున్నారు, నాకు పక్కగా. టెన్షన్‌లో కూడా నాకు మాస్టారు కాలరు గుర్తొచ్చింది, వెంటనే కొలత పరికరాల మీద ఆవిడ ప్రశ్న వేశారు, ఇక గుర్తు రాలేదు.

రెండో రౌండ్‌కి పిలిచారు. ఉన్నది ఒక్కటే సూటు, అదే వేసుకుంటాను. షర్టు, టై మారిస్తే చాలు. ఊలు గుడ్డకి ఒకసారి వేసుకున్నాక కనీసం ఒక రోజు విశ్రాంతి ఇవ్వాలి, అందుకని భుజాలు వెడల్పుగా ఉన్న చెక్క హ్యాంగర్‌కి వేసి, జేబులోని పెన్ను తీసేసి, బ్రష్‌తో దుమ్ము దులిపి ఉంచాను. డ్రై క్లీనింగ్‌కి ఇవ్వలేదు, మరక ఏమీ పడలేదు. మోకాళ్ళ వెనక ముడతలు రాత్రికి రాత్రే సగం పోయాయి. మిగిలినవాటికి ఆదివారం ఆవిరి పట్టాలి.